పాతబండిని బాగుచేయుట

ట్రాక్టరు వచ్చిన పిమ్మట పెక్కు గ్రామములలో ఎడ్లబండి దొడ్డిలోని వేపచెట్టు క్రింద చేరినది. నొగలు నేలకానియుండ, చక్రములు జానెడు మట్టిలో దిగియుండ, తొట్టిపై కందికట్టెయు పాతగోనెలును పేర్పబడి, నాలుగైదు వానలకు అది వంటచెరకుగా మారుచున్నది. అయినను పేడయెరువును మళ్లకు చేర్చుటకును, పచ్చిమేత తెచ్చుటకును, ఇరుకైన డొంకలలో కొద్దిపాటి బరువును తోలుటకును ఇంట ఎడ్లున్న రైతునకు బండిని మించిన సాధనము లేదు. నాలుగు మోపుల జొన్నచొప్పకై కిరాయి ట్రాక్టరును పిలుచుట వలన మేతకంటె కిరాయియే బరువగును. కావున పాడుపడిన బండిని మరల పనిలోనికి దించదలచుట సబబైన ఆలోచనయే. కాని నాలుగు మేకులు కొట్టి, కందెన రాసి, రంగు పూసినంత మాత్రమున అది బాగుపడినట్లు కాదు. పైకి చక్కగా కనుపించి లోపల శిథిలమైన బండి పూర్తిగా విరిగినదానికంటె అపాయకరము. విరిగినదానికి ఎవరును ఎడ్లను కట్టరు. చక్కగా కనుపించుదానికి కట్టుదురు, నిండుగా ప్రత్తిబోరెములను గూడ ఎత్తుదురు.

బాగుచేయదగినదా, కాదా?

బండి విలువలో పెద్దపాలు చక్రములది, తరువాత ఇరుసుది. తొట్టి, గుంజలు, అడ్డకర్రలు, కాడి మొదలైనవి గ్రామములోని వడ్రంగి కొలదిదినములలో క్రొత్తవి చేయగలడు. చక్రము చేయువారు ఇప్పుడు అరుదైరి. కావున పరీక్ష చక్రమునుండియే ఆరంభింపవలెను. తొట్టి చక్కగానున్నదని సంతోషించి దానికి మొదట ఖర్చుపెట్టి, అటుపిమ్మట చక్రములు పనికిరావని తెలిసికొనినవారు పలువురు కలరు.

మొదట బండిపైనున్న చెత్తనంతయు తీసి, ఇరుసు క్రింద దుంగలు పెట్టి, రెండు చక్రములును నేలను తాకకుండునట్లు ఎత్తవలెను. ఈ పనిలో తొందర కూడదు. చాలకాలము నిలిచియున్న బండి ఎత్తునప్పుడు ఒక ప్రక్కకు ఒరగవచ్చును. ఇరుసు క్రిందికి ఎవరును చేయి గాని కాలు గాని చాపరాదు. చక్రమును చేతితో మెల్లగా త్రిప్పి, కట్టునకు దగ్గరగా నేలలో ఒక పుల్లను పాతి చూచినచో, చక్రము ప్రక్కలకు ఊగుచున్నదో లేదో, గుండ్రన తప్పినదో లేదో తెలియును. ఊగిసలాట మిక్కిలి హెచ్చుగానున్నచో తప్పు నాభిలో గాని, ఇరుసు కొసలో గాని, ఆకుల మొదళ్లలో గాని ఉండును.

ఆకులు నాటబడిన నడిమి మొద్దునే నాభి యందురు. దానిపై సన్ననిచీలికలు కనుపించుట సహజము. ఎండిన కొయ్య కొంత పగులక మానదు. కాని ఒక ఆకు బెజ్జమునుండి ప్రక్క ఆకు బెజ్జమునకు పగులు సాగినచో, లేక ఒక కొసనుండి రెండవకొస వరకు వ్రేలిగోరు దూరునంత బీట ఏర్పడినచో ఆ నాభి పనికిరాదు. ఇనుపపట్టెలు బిగించి మరికొంతకాలము గడపవచ్చునని చెప్పువారుందురు. పెరటి పనికి అది చెల్లును గాని, రహదారిపై బరువు తోలుటకు చెల్లదు.

ఆకులను సుత్తితో ఒక్కొక్కదానినే తట్టి వినవలెను. గట్టికొయ్య గలగలమని పలుకును. పుచ్చినది మట్టిగోడవలె మొద్దుగా పలుకును. చివుకు ఎక్కువగా కనుపించు చోటులు రెండు: ఆకు నాభిలోనికి దిగు మొదలు, చుట్టుకొయ్యలోనికి దిగు కొస. ఈ రెండుచోట్లను నీరు నిలుచును, గాలి సోకదు. అచ్చట సన్నని ఉలిమొనను గట్టిగా నొక్కి చూచినచో అది పావు అంగుళమైనను సులభముగా దిగినచో ఆ ఆకును మార్చవలసినదే. మట్టిలో దిగియున్న అడుగుభాగమును ప్రత్యేకముగా పరీక్షింపవలెను. చెదలు లోపలి కొయ్యను తిని పైపొరను పలుచని అట్టవలె విడిచిపెట్టును. అందుచేత కంటితో చూచి నిశ్చయింపరాదు.

పన్నెండు ఆకులలో రెండుమూడు చెడినచో మార్చుట లాభకరము. సగమునకు మించి చెడినచో ఆ చక్రమును విడిచిపెట్టి, ఇనుపకట్టును మాత్రము దాచుకొనవలెను. ఒక చక్రము మాత్రమే పోయినచో పొరుగుననున్న మరియొక పాతబండి చక్రమును కొనుట తరచుగా జరుగును. అట్లు కొనునప్పుడు రెండు చక్రముల ఎత్తును సమముగా నుండవలెను. ఒకటి రెండంగుళములు పొట్టిగానున్నచో బండి నిత్యము ఒక ప్రక్కకు ఒరగి, ఆ ప్రక్క చక్రముపై బరువును, ఆ ప్రక్క ఎద్దుపై శ్రమయును హెచ్చును. రంగు పూసిన పాతచక్రములను కొనునప్పుడు మరింత జాగ్రత్త కావలెను. క్రొత్తరంగు క్రింద లప్పముతో నిండిన పగుళ్లుండుట సంతలో తెలియనిది కాదు.

కొయ్య

మార్చు భాగములకు నల్లతుమ్మ కొయ్య శ్రేష్ఠము. నాభికిని, ఆకులకును, చుట్టుకొయ్యలకును తెలుగుదేశములో బహుకాలముగా దానినే వాడుచున్నారు. దెబ్బను ఓర్చును, ఎల్లయెడల దొరకును. నొగలకును కొయ్యయిరుసునకును చిరుమాను మేలైనది. వంగి మరల నిలుచు గుణము దానికి కలదు. తొట్టిపలకలకు టేకు ఉన్న మంచిదే గాని, లేకున్న వేపయైనను చాలును.

ఏ కొయ్యయైనను పచ్చిది వాడరాదు. బాగుచేసిన బండ్లు ఆరునెలలలోనే మరల వదులగుటకు ముఖ్యకారణమిదియే. పచ్చికొయ్యతో ఆకు చేసి ఎంత బిగువుగా దిగగొట్టినను, వేసవిలో అది ఎండి సన్నగిలును. బెజ్జము మాత్రము పెద్దదిగానే యుండును. చెట్టును కొట్టిన పిమ్మట దుంగలను చీల్చి, నీడలో, నేలకు తాకకుండ, నడుమ గాలి పోవునట్లు పేర్చి, కొసలకు పేడయు మట్టియు కలిపి పూయవలెను. కొసలనుండి తేమ త్వరగా పోవుటచేతనే కొయ్య పగులును. మందము అంగుళమునకు సుమారు ఒక సంవత్సరము చొప్పున ఆరవలెనను లెక్క వడ్రంగులకు తెలిసినదే. తుమ్మదుంగలను కొన్ని నెలలు చెరువునీటిలో ముంచియుంచిన పిమ్మట ఆరబెట్టు ఆచారము కూడ మంచిదే. పురుగు పట్టుట తగ్గును. అంత వ్యవధి లేనివారు పాతయింటి దూలములనుండియో, విరిగిన బండ్లనుండియో చేవగల కొయ్యను సంపాదించుట మేలు. ఆకులకు రంపముతో కోసిన కొయ్యకంటె చీల్చిన కొయ్య తగినది. చీల్చినప్పుడు పేటు మొదటినుండి కొస వరకు తిన్నగా పోవును. రంపము పేటును అడ్డముగా తెంచును, ఆకు అచ్చటనే విరుగును.

ఇనుపకట్టు

వదులైన కట్టు పాతబండికి సామాన్యవ్యాధి. ఎండలో కొయ్య కుంచించుకొనిపోవును, ఇనుము కుంచించుకొనదు. అందుచేత కట్టు జారును. దీనికి గ్రామములలో రెండు ఉపాయములు వాడుకలోనున్నవి. కట్టునకును కొయ్యకును నడుమ కొయ్యచీలలు దిగగొట్టుట ఒకటి. చక్రమును రాత్రియంతయు కుంటలో నానవేయుట రెండవది. చీలలు కొట్టినచోట మాత్రమే కట్టు బిగియును. తక్కినచోట్ల ఉబ్బి, చక్రము గుండ్రన తప్పును. నానవేసిన చక్రము రెండుమూడు దినములు బాగుగానే యుండును. తరువాత ముందటికంటె వదులగును. తడియుట, ఎండుట పలుమారులు జరిగినచో ఆకుల కొసలు చివుకును. ప్రయాణమధ్యమున కట్టు జారినప్పుడు ఇల్లు చేరుటకై ఈ ఉపాయములు పనికివచ్చునేగాని, వీనిని బాగుచేయుట యనరాదు.

కట్టును తీసి, కురచచేసి, కాల్చి ఎక్కించుటయే సరియైన మార్గము. దానికి ముందు చుట్టుకొయ్యల అతుకులను చూడవలెను. పెక్కుచోట్ల పొరపాటు ఇచ్చటనే జరుగుచున్నది. చుట్టుకొయ్యల కొసలు ఒకదానినొకటి గట్టిగా తాకియుండి, ఆకులు మాత్రము బెజ్జములలో వదులుగానున్నచో, ఎంత బిగువైన కట్టు వేసినను ప్రయోజనము లేదు. కట్టుయొక్క ఒత్తిడియంతయు కొయ్యల అతుకులే తీసికొనును; ఆకులను నాభిలోనికి నెట్టు బలము మిగులదు. అట్టి చక్రమునకు ఒకటి రెండు అతుకులలో రంపమును ఆడించి కొద్దిపాటి సందు కల్పింపవలెను. కట్టు బిగిసినప్పుడు ఆ సందు మూతపడుచు, ఆకులన్నియు నాభిలో కూర్చుండును. సందు మరీ పెద్దదైనచో కట్టు దానిని మూయజాలదు. వడ్రంగియు కమ్మరియు ఒకేచోట కూర్చుండి ఈ సంగతి నిర్ణయించుకొనుట మంచిది. ఒకరి పని ముగిసిన వారమునకు మరియొకరిని పిలిచినచో తప్పు ఎవరిదో తేలదు.

కట్టును ఎంత కురచచేయవలెనను ప్రశ్నకు లెక్క సులభమైనదే. ఐదడుగుల చక్రమునకు చుట్టుకొలత సుమారు 188 అంగుళములు. ఇనుమును 500 డిగ్రీల సెంటిగ్రేడు మేర వేడిచేసినచో దాని పొడవు నూటికి 0.6 వంతు పెరుగును. అనగా ఆ కట్టు ఒక అంగుళమునకు కొంచెము పైగా సాగును. కావున కట్టు లోపలి కొలత చక్రపు కొలతకంటె తక్కువగా నుండవలెను గాని, ఆ తక్కువ అంగుళము కంటె చాల లోపుగా నుండవలెను. లేకున్న కాల్చినను ఎక్కదు, బలవంతముగా ఎక్కించినచో చల్లారునప్పుడు ఆకులు వంగును, పాతనాభి పగులును. పాతచక్రమునకు క్రొత్తదానికంటె తక్కువ బిగువు చాలును. కొలత తీయుటకు తాడు వాడరాదు, తాడు సాగును. కమ్మరి వాడు చిన్నచక్రమును అంచువెంట దొర్లించి, గుర్తులు లెక్కించుట నమ్మకమైన పద్ధతి.

కాల్చుటకు గాలి లేని ఉదయమును ఎంచుకొనవలెను. గడ్డివాములకును ఇండ్లకును దూరముగా, కట్టును రాళ్లపై సమముగా పరచి, చుట్టును పిడకలు పేర్చి, అంతటను ఒకేవేడి తగులునట్లు కాల్చవలెను. ఒకచోట ఎర్రబడి మరియొకచోట నల్లగానుండుట కూడదు. చక్రము చదునైన రాతిపై సిద్ధముగానుండవలెను, నీటికుండలు నిండియుండవలెను, పట్టకారులతో ముగ్గురు నలుగురైనను నిలువవలెను, పిల్లలను దరికి రానీయరాదు. కట్టు నీడలో కొద్దిగా ఎర్రబడినంతనే ఎత్తి, చక్రముపై దించి, సుత్తులతో అంతటను సరిగా కూర్చుండబెట్టి, తత్‌క్షణమే నీరు పోయవలెను. ఆలస్యమైనచో కొయ్య బొగ్గగును. బొగ్గయిన పొర తరువాత రాలిపోయి కట్టు మరల వదులగును. నీరు ఒకేచోట కుమ్మరింపక చుట్టు తిరుగుచు పోయవలెను. చల్లారుచుండగా ఆకులు ఒక్కొక్కటిగా చిటచిటలాడుచు నాభిలోనికి దిగుట వినవచ్చును.

ఇరుసు, కందెన

ఇరుసు తిన్ననిదా యని చూచుటకు రెండు చక్రములను తీసి, ఒక కొసనుండి రెండవకొస వరకు దారము బిగించి చూడవలెను. వంగిన ఇనుపయిరుసును కొలిమిలో సరిచేయవచ్చును. పగులున్నదానిని అతికించి బరువుబండికి వాడరాదు. పగులు సన్నగానున్నచో కంటికి కనుపడదు. ఆ చోట కిరసనాయిలు రాసి, తుడిచి, సున్నము పలుచగా పూసినచో, కొంతసేపటికి పగులులోని నూనె పైకి ఊరి గీతవలె కనుపించును.

నాభిలో తిరుగు కొసలు అడుగుప్రక్కననే ఎక్కువగా అరుగును, బండిబరువు ఆ ప్రక్కననే మోపబడును గనుక. తిన్నని ఇరుసైనచో దానిని క్రిందుమీదుగా త్రిప్పి బిగించిన మరికొంతకాలము పనిచేయును. కొసలు క్రిందికి వాలునట్లు చేసినదానిని అట్లు త్రిప్పరాదు. నాభిలోని ఇనుపగొట్టము అరిగి వదులైనచో మార్పవలెను. గొట్టమునకును ఇరుసునకును నడుమ గోనెపేలికలు కుక్కుట వలన దుమ్ము నిలిచి అరుగుదల ఇనుమడించును. కడచీల కొద్దిపాటి వస్తువే గాని, అది జారినచో చక్రము ఊడును. త్రుప్పుపట్టిన కడచీలలను రెంటిని విడిచి క్రొత్తవి వేయించి, వాని కొసలకు తోలుముక్కనో తీగెనో కట్టవలెను. బండి నడుచునప్పుడు వినవచ్చు కటకటను కొందరు ఇంపుగా భావింతురు. ఆ చప్పుడు చక్రము ఇరుసుపై ఇటునటు కొట్టుకొనుటచేత పుట్టినదే. ఇనుప వాషరు నొకదానిని చేర్చినచో తగ్గును.

ఆముదములో వరిగడ్డి మసి కలిపిన కందెన పూర్వమునుండి వాడుకలోనున్నది, పనిచేయును కూడ. ఇప్పుడు గ్రీజు ఎల్లయెడల దొరకుచున్నది. ఏది వాడినను, పాతకందెనను పూర్తిగా తుడిచి, కిరసనాయిలుతో కడిగిన పిమ్మటనే క్రొత్తది పూయవలెను. ఇసుకతో కలిసిన పాతకందెన ఆకురాయివలె ఇనుమును అరగదీయును. యంత్రమునుండి తీసిన వాడిన నూనె పలుచనిది, గంటలో కారిపోవును.

కాడియు, బరువు నిలుకడయు

బండి బాగుపడినదని రైతు తలచునది చక్రములు సరిగా తిరిగినప్పుడు. ఎద్దునకు తెలియునది మెడమీదనే. పాతకాడి అడుగుభాగమున మేకు మొనలు, చీలికలు, కఱకైన ముడులు ఉండును. అట్టి కాడి రెండుదినములలో చర్మమును ఒరసి పుండు చేయును. పుండు మానువరకు ఆ ఎద్దు దుక్కికిని పనికిరాదు. మెడపై నిలుచు చోటును వెడల్పుగా, గుండ్రని అంచులతో, గాజుముక్కతో గీసి నునుపుచేసి నూనె పట్టింపవలెను. గుడ్డలు చుట్టుట మేలుగా తోచును గాని, చెమటకు తడిసి గట్టిపడిన గుడ్డ కొయ్యకంటె చెడుగా ఒరయును. బండ్ల నిర్మాణములోని లోపములు ఎడ్లకు కలిగించు బాధను గూర్చి బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ సంస్థకు మొదటి సంచాలకులైన ఎన్. ఎస్. రామస్వామిగారు 1970 తరువాతి సంవత్సరములలో దేశమంతట ప్రచారము చేసిరి. ఆయన ఎత్తిచూపిన వానిలో కాడి ముఖ్యమైనది.

తొట్టిని మరల బిగించునప్పుడు అది ఇరుసుపై ఎచ్చట కూర్చుండవలెనో జాగ్రత్తగా నిర్ణయింపవలెను. ఒక దృష్టాంతము చూడుడు. బరువు 1000 కిలోగ్రాములు, ఇరుసునుండి కాడికి దూరము 10 అడుగులు అనుకొనుడు. బరువు నడిమిపట్టు ఇరుసునకు అరయడుగు ముందున్నచో కాడిపై 50 కిలోగ్రాములు పడును. రెండెడ్లకు అది భారము కాదు. అడుగున్నర ముందున్నచో 150 కిలోగ్రాములగును; అది ఎడ్లను క్రుంగదీయును. ఇరుసునకు వెనుకనున్నచో కాడి పైకి లేచి పలుపులు గొంతుకను బిగించును. ఎత్తుగా నింపిన బండి ఎగువకెక్కునప్పుడు నడిమిపట్టు వెనుకకును, దిగునప్పుడు ముందునకును జరుగును. నడిమిపట్టు ఇరుసునకు మూడడుగుల ఎత్తున ఉండి, దారి పదియడుగులకు ఒక అడుగు వాలుగానున్నచో, కాడిపై సుమారు 30 కిలోగ్రాముల మార్పు వచ్చును. గట్టెక్కునప్పుడు బండి వెనుకకు తిరుగబడి ఎడ్లకు ఉరిపడుట ఇట్లే జరుగును. కావున తొట్టిని బిగించిన పిమ్మట, వాడుకలోని బరువు ఎత్తి, సమమైన నేలపై ఇద్దరు మనుష్యులు కాడిని చేతులతో ఎత్తిచూడవలెను. ఇద్దరికిని కష్టము లేక లేచినచో సరియైనది. తనంతట లేచినచో తొట్టిని ముందునకు జరుపవలెను.

ఈ సందర్భముననే పనివేళల సంగతియు గమనింపదగును. 1965లో చేయబడిన కేంద్రప్రభుత్వ నియమముల ప్రకారము బండియెడ్లచే దినమునకు మొత్తము తొమ్మిది గంటలకు మించియు, విరామము లేక ఐదు గంటలకు మించియు పనిచేయింపరాదు. ఎండ 37 డిగ్రీల సెంటిగ్రేడు మించుచోట్ల మధ్యాహ్నము 12 గంటలు మొదలు 3 గంటల వరకు తోలరాదు.

టైరుబండి

రబ్బరుటైర్ల బండి పాడుపడినచో పని వేరు. కొయ్యకంటె ముందు బేరింగులను విప్పి, కిరసనాయిలుతో కడిగి చూడవలెను. గుండ్లపై గుంటలు గాని, నీలిమచ్చలు గాని ఉన్నచో మార్పవలెను. బాగుగానున్నచో గ్రీజు కూర్చి, మరను చక్రము కొంచెము బరువుగా తిరుగువరకు బిగించి, పిమ్మట స్వల్పముగా వదలి, చీలపిన్ను వేయవలెను. ఎండకు నెఱ్ఱెలు వారి దారములు బయటపడిన టైరు గాలి నిలుపుచున్నను బరువునకు తగదు.

ఈ బండి సులభముగా దొర్లును. అదియే దాని గుణము, పల్లమున అదియే దాని అపాయము. ఇనుపకట్టు బండిని నేలయే కొంత ఆపును. టైరుబండిని ఆపవలసిన భారమంతయు ఎడ్ల మెడలదే. కావున పట్టుకొయ్య లేని టైరుబండిని వాలుదారిలో నిండుబరువుతో తోలరాదు. టైరునకొరయు కొయ్యదిమ్మెయు, దానిని బిగించు మీటయు గ్రామములోనే అమర్చుకొనవచ్చును.

చివరి పనులు

రంగునకు ముందు కొయ్య పూర్తిగా ఆరియుండవలెను. తడికొయ్యపై తారు పూసినచో తడి లోపలనే నిలిచి చివుకు వేగమగును. అడుగుభాగమునకు తారును, పైభాగమునకు అవిసెనూనెయు చాలును. వెనుకభాగమునను రెండు ప్రక్కలను వెలుతురునకు మెరయు ఎఱ్ఱపట్టీలను తప్పక అంటింపవలెను. పూర్వము బండిక్రింద వ్రేలాడిన లాంతరు ఎదుటి బండివానికి చాలినది. నేటి రహదారిపై లారీ నడుపువానికి చాలదు. మిల్లులకు రాత్రివేళ చెఱకును, ప్రత్తిని తోలు బండ్లకు ఇది చక్రమంత అవసరము.

మొదటి వారము సగము బరువునకు మించి ఎత్తరాదు. మైలు దూరము నడిపి ఆపి, నాభిపై చేయి పెట్టి చూడవలెను; చేయి నిలువలేనంత వేడిగానున్నచో కందెన చాలలేదనియో, బిగువు హెచ్చినదనియో ఎరుగవలెను. ప్రతిదినము ఇల్లు చేరగానే ఆకులను ఒకమారు తట్టిచూచి, కడచీలలను పరీక్షింపవలెను. పది దినములలో వదులు కనుపించనిచో నిండుబరువు ఎత్తవచ్చును. పని లేనప్పుడు బండిని చావడి క్రింద, చక్రముల అడుగున చదునురాళ్లు పెట్టి, నొగలను ఊతకర్రపై నిలిపి ఉంచవలెను. టైరుబండియైనచో ఇరుసు క్రింద దిమ్మెలు పెట్టి, టైర్లపై బరువు లేకుండ చేయవలెను.